అదే రెప్ప, అదే చోటు

2022 జూన్ 12, ఆదివారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. గదుల ముందు గ్యాలరీ చివర నల్లా దగ్గర నా బిందెకు ముందు ఇంకా రెండు బిందెలు ఉన్నాయి. ముఖాన నీళ్ళు చల్లుకుని కొంగుతో తుడుచుకుంటుంటే కుడి కంటి పై రెప్పలో ఏదో గింజలా తగిలింది. ఆవగింజ కంటే పెద్దది, జొన్నగింజ కంటే చిన్నది. రెప్ప నడుమ నుంచి చెవి వైపు కొంచెం జరిగి ఉంది. నొప్పి లేదు. ఇంట్లోకి వచ్చి క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో ‘కుడి పై రెప్ప, కురుపు’ అని రాశాను.

అప్పుడు నాకు డెబ్బై ఒక్క ఏళ్ళు. ముంబయిలో కామాటిపుర తొమ్మిదో గల్లీలో, మా మామగారి తండ్రి రాళ్ళు మోసే పనికి వచ్చి చేరిన వరస గదుల చాల్‌లోనే, రెండో అంతస్తులో మా గది. మునిసిపాలిటీ తెలుగు బడిలో ఇరవై తొమ్మిదేళ్ళు పాఠాలు చెప్పాను. మరాఠీలో పంతులమ్మను ‘బాయి’ అంటారు. మా చాల్‌లో తెలుగువాళ్ళు కూడా నన్ను అలాగే పిలుస్తారు. హాజరు పట్టీ రాసీ రాసీ తేదీ వెయ్యకుండా ఏదీ రాయలేని అలవాటు పట్టుకుంది. ఇంట్లో నేను, ఒక ఆఫీసులో ప్యూన్‌గా చేసే నా కొడుకు రమేశ్, కోడలు సునీత. ఆమె షోలాపూర్ పిల్ల. కోపం వస్తే మరాఠీ, మామూలుగా ఉంటే తెలుగు.

ఆ గింజను చూసి నేను భయపడలేదు. ఎందుకంటే మా చాల్‌లో కంటి కురుపులకు చెయ్యి వేసేదాన్ని నేనే.

ఈ సంగతి వివరంగా చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా అత్తగారు పాలమూరు పల్లె నుంచి ఈ చెయ్యి తెచ్చుకుంది. కురుపు లేచినవాళ్ళు మూడు రోజులు వరుసగా, పొద్దున్నే ఎవరితో మాట్లాడకముందే రావాలి. ఉంగరపు వేలును ఎడమ అరచేతిలో వేడెక్కేదాకా రుద్ది కురుపు మీద పెట్టాలి. తొమ్మిదిసార్లు. మూడో రోజు కురుపు మూతి దగ్గర ఉన్న రెప్ప వెంట్రుకను ఒక్కదాన్ని గోళ్ళతో పట్టి లాగెయ్యాలి. దాంతో కురుపు వేరు వదులుతుందని నమ్మకం. పైసా పుచ్చుకోకూడదు. వచ్చినవాళ్ళు వెనక్కి తిరిగి చూడకుండా పోవాలి. చెయ్యి ఉన్న మనిషి తన కంటికి తాను చేసుకోకూడదు. ఇంకొకరికి ఇచ్చి వాళ్ళతో చేయించుకోవాలి.

1984లో మా అత్తగారు ఆ చెయ్యి నాకు ఇచ్చింది. ఎవరైనా ఒక రోజు తప్పితే పట్టుకోవడానికి నోట్‌బుక్ పెట్టాను. పేరు, ఏ కన్ను, ఏ రెప్ప, మూడు తేదీలు, చివర ‘తగ్గింది’ లేదా ‘తగ్గలేదు’. నాలుగు నోట్‌బుక్కులు నిండాయి. మూడు వందల ఎనభై ఆరు పేర్లు. చాలామందికి తగ్గింది. వేడి తగిలితే మామూలు కురుపు మెత్తబడి తగ్గుతుందని తర్వాత ఆసుపత్రిలో ఒక డాక్టరే చెప్పింది. అంతవరకు మా అత్తగారి విద్యలో తప్పు లేదు.

సునీతకు చెయ్యి ఇస్తానంటే మొహం చిట్లించింది.

“నాకొద్దు అత్తమ్మా. నాగ్‌పాడాల డాక్టర్ ఉన్నడు కదా. పా, పోదాం.”

“కురుపుకు డాక్టరా? నలుగురు నవ్వుతరు. చాల్ అంతా నా దగ్గరికి వస్తది, నేను డాక్టర్ దగ్గరికి పోవాల్నా?”

“నవ్వనీ. నవ్వితే వాళ్ళ పండ్లు కనిపిస్తయి, మనకేం పోతది?”

అయినా చేసింది. జూన్ 14, 15, 16. మూడో రోజు గదిలో గిన్నెలు కడిగే మోరి దగ్గర వెలుతురులో నన్ను కూర్చోబెట్టి వెంట్రుక పట్టుకుంది. లాగకముందే ఆమె వేళ్ళ మధ్యకు మూడు వచ్చేశాయి.

“అయ్యో, మూడు ఊడినయి అత్తమ్మా! నేను గట్టిగ గూడ పట్టలే.”

“మంచిదే. వేరు వదిలింది,” అన్నాను.

వేలి కొస మీద పెట్టుకుని ఆ మూడు వెంట్రుకలను చూశాను. సంతోషించాను. జూలై 3న గింజ కొంచెం చిన్నదైనట్టు అనిపించింది. క్యాలెండర్‌లో ‘తగ్గింది’ అని రాశాను.

దసరా అయిన వారానికి మళ్ళీ లేచింది. దాన్ని కొత్త కురుపుగా రాశాను. సునీత మళ్ళీ మూడు రోజులు చేసి ఒక వెంట్రుక లాగింది. ఈసారి తగ్గలేదు. అక్టోబరు 20న నాగ్‌పాడా దగ్గర ఒక చిన్న క్లినిక్‌కు వెళ్ళాం. డాక్టరు రెప్పను తిప్పి, లోపలి నుంచి చిన్న గాటు పెట్టి గీకేశాడు. మందు రాశాడు. అక్కడ గింజ అణిగింది. ఫిబ్రవరిలో మళ్ళీ వచ్చింది. 2023 మార్చి 9న ఆయనే మళ్ళీ గాటు పెట్టాడు. ఆ రోజు ఆయన టార్చి వేసి చాలాసేపు రెప్ప అంచు చూశాడు. హిందీలో అడిగాడు.

“ఇక్కడ వెంట్రుకలు ఏమయ్యాయి?”

“మేమే పీకినం,” అన్నాను. అంతటితో ఆగలేదు. చెయ్యి వేసే పద్ధతి, మూడు రోజులు, ఉంగరపు వేలు, మా అత్తగారు, అన్నీ చెప్పాను. ఆయన నవ్వాడు. టార్చి ఆర్పేశాడు.

ఆయన మీద నింద వెయ్యడానికి ఇది రాయడం లేదు. ఆయన అడగాల్సిన ప్రశ్న అడిగాడు. నేను అబద్ధం చెప్పాను. చెబుతున్నప్పుడు అది అబద్ధమని నాకు తెలియదు. చేత్తో లాగింది ఒక్కటి. అంతకుముందు ముట్టుకోగానే వచ్చినవి మూడు. కానీ అక్కడ వేలి గోరంత వెడల్పున రెప్ప అంచు నున్నగా ఉంది. ఆ మిగతావి ఎవరు పీకారు? బిందెల వరుస దగ్గర నుంచి పిల్లల హాజరు దాకా అన్నీ లెక్కపెట్టిన దాన్ని, నా కంటి మీద వెంట్రుకలు లెక్కపెట్టలేదు.

వానాకాలం నడుమకు వచ్చేసరికి రెప్ప దళసరి అయింది. కన్ను ఎప్పుడూ ఎర్రగా ఉండేది. ఆగస్టు చివరలో ఒకరోజు జడ వేస్తూ సునీత నా ముఖాన్ని వెలుగు వైపు తిప్పింది. గింజ పసుపు రంగుకు తిరిగిందట.

“అత్తమ్మా, ఈడ వెంట్రుకలే లేవు. నేను ఇన్ని పీకలే. నా ఒట్టు.”

మర్నాడు ఆమే నన్ను ప్రభుత్వ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది.

కంటి విభాగం బయట పొడుగాటి వరండా. గోడ వెంట ఆరు బెంచీలు. టోకెన్ 83. పిలుస్తున్నది 21. చోటు లేక గోడకు ఆనుకుని నిలబడితే, తలకు రుమాలు కట్టుకున్న ఒక మనిషి లేచి బెంచీ చూపించాడు. కుడి కంటికి కట్టు. మేము తెలుగు మాట్లాడుకోవడం విన్నాడు.

“కూసో పెద్దమ్మా. నాది నూటా రెండు. నాకింక జాము పొద్దు ఉంది.”

పేరు బాలయ్య. పాలమూరు నుంచి బిల్డింగు పనికి వచ్చాడు. సున్నం పడి రెప్ప కాలి లోపలికి ముడుచుకుపోయిందట. వెంట్రుకలు కంటిలోనే గుచ్చుకుంటున్నాయట. ఇది ఆయనకు నాలుగోసారి రావడం.

“ఇటు సూడు, ఈ బెంచీ మీద అందరం ఒంటి కన్నోళ్ళమే. ఊర్ల అయితే ఎదురొస్తే అపశకునం అంటరు. ఈడ లైన్ల ఉండుమంటరు,” అన్నాడు. సునీత నవ్వింది. నేనూ నవ్వాను. ఆ వరండాలో నవ్వడం అదే మొదలు, అదే ఆఖరు.

లోపల డాక్టరమ్మ చిన్న వయసుది. రెప్ప తిప్పి చూసింది. వెంట్రుకల గురించి అడగలేదు. మరాఠీలో అవ్వను పిలిచినట్టు పిలిచి ఒక్కటే అడిగింది.

“ఆజీ, ప్రతిసారి ఇదే జాగలో వచ్చిందా?”

నోరు తెరిచాను. జవాబు నా దగ్గర ఉంది. క్యాలెండర్‌లో మూడుసార్లు ‘కుడి పై రెప్ప’ అనే రాశాను. అయినా మూడు కురుపులనే అనుకున్నాను. వచ్చింది, పోయింది, ఇంకొకటి వచ్చింది అనుకున్నాను.

“అదే జాగ,” అన్నాను.

సెప్టెంబరు 4న రెప్పలో ముక్క తీసి పరీక్షకు పంపారు. 15న రిపోర్టు వచ్చింది. కనురెప్పలో కన్నుకు తడి ఆరకుండా నూనె ఊరే సన్నని గొట్టాలు ఉంటాయట. క్యాన్సరు అందులో పుట్టిందట. కురుపు వేషం వేసుకుని వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఒకే చోట మళ్ళీ మళ్ళీ రావడం, వెంట్రుకలు రాలడం దాని గుర్తులు. రమేశ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. సునీత ఆ రిపోర్టు మడతలు పెట్టి విప్పి, మళ్ళీ మడతలు పెట్టింది.

ఇంటికి వచ్చాక ఆమె బద్దలైంది.

“నేను వద్దంటే నా చేతితోనే చేయించినవ్. రేపు ఈ చాల్ల ఏమంటరు? కోడలు అత్త కన్ను పీకిందంటరు. నీ చెయ్యి నీ దగ్గరే పెట్టుకోవాల్సింది. మలా కశాలా దిలీస్?”

నాకెందుకు ఇచ్చావని. రమేశ్ ఆమెను కసిరాడు. ఆమె మోరి దగ్గర గిన్నెలు తోముతూ చాలాసేపు ఉంది. పది అడుగులకు పన్నెండు అడుగుల గదిలో కోపం వచ్చినా వెళ్ళడానికి చోటు ఉండదు. ఆ నెల మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూడకుండా అన్నం తిన్నాం. చాల్‌లో ఆ మాట నిజంగానే ఒకరిద్దరు అన్నారు. సునీత తప్పు లేదని నేను గ్యాలరీలో నిలబడి చెప్పాను. చెప్పినంత మాత్రాన పోయే మాట కాదు అది.

సెప్టెంబరు 27, బుధవారం ఆపరేషన్. పై రెప్పలో ఎక్కువ భాగం తీసేశారు. దాని స్థానంలో కింది రెప్ప నుంచి చర్మం పైకి లాగి కుట్టారు. అది అతుక్కునేదాకా కన్ను మూసే ఉండాలి. ఎనిమిది వారాలు. యాభై ఆరు రోజులు. కన్ను బతికి ఉంది, లోపల తిరుగుతోంది, చర్మం వెనక వెలుతురు ఎర్రగా తెలుస్తోంది. కానీ తెరవడానికి రెప్ప లేదు. మొదటి వారం ఆ ఎరుపులోనే ఉన్నాను. గ్లాసు అందుకోబోతే చెయ్యి పక్కకు పోయేది. మెట్లు దిగాలంటే ప్రతి మెట్టూ కాలితో తడుముకోవాలి. మా చాల్‌కు ముప్పై నాలుగు మెట్లు.

దవడ కదిలితే కుట్లు లాగేవి. గ్యాలరీ ఆ చివర గదిలో ఉండే యాదమ్మ రోజూ ఒక గిన్నె తెచ్చేది. జొన్నరొట్టె తునకలు చేసి పాలలో నానబెట్టి తెచ్చేది.

“తిను బాయి. నమిలే పనే లేదు. మా పిల్లలకు గూడ నేను ఇంత గారాబం చెయ్యలే.”

“రోజూ ఎందుకే నీకు ఈ శ్రమ?”

“బడిల నువ్వు నాకు ఎక్కాలు రాకుంటే బయట నిలబెట్టినవ్. గిప్పుడు పండుకున్న దగ్గర నుంచి లేవకుంట నేను నిన్ను కట్టేసిన. లెక్క సరిపాయె.”

ఖాళీ గిన్నె తిప్పి పంపకూడదు. సునీత ప్రతిసారి అందులో ఏదో ఒకటి వేసి ఇచ్చేది. చారెడు పల్లీలైనా, రెండు అరటిపళ్ళైనా.

అక్టోబరు చివరికి ఎడమ కంటితో చదవడం అలవాటైంది. చెయ్యడానికి పని లేదు. నా నాలుగు నోట్‌బుక్కులు బయటికి తీశాను. డాక్టరమ్మ అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో అదే చోటికి మళ్ళీ వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వెతికాను. ఒక్కో పేరు మీద వేలు పెట్టి పోయాను. పదకొండు రోజులు పట్టింది. రెండుసార్లు వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ కన్ను వేరు, లేదా రెప్ప వేరు. నాలుగో నోట్‌బుక్‌లో ఒక్క పేరు దగ్గర వేలు ఆగింది.

నర్సమ్మ. కుడి కంటి కింది రెప్ప. మూడుసార్లు.

నర్సమ్మ యాదమ్మ తల్లి. అప్పటికి అరవై దాటాయి. మూడోసారి చేసిన కొన్ని నెలలకు ఆమె రెప్ప దగ్గర పుండు పడింది. అది చెంప మీదికి పాకింది. పోశమ్మ సోకిందన్నారు. ఊరికి తీసుకెళ్ళారు. 2014లో అక్కడే పోయింది. ఆ పుండుకు ఎవరూ పేరు పెట్టలేదు. ఎవరూ ముక్క తీసి పరీక్ష చెయ్యలేదు. అది నాకు వచ్చిన జబ్బేనని నేను రుజువు చెయ్యలేను. కాదని కూడా చెప్పలేను.

ఆ సాయంత్రం యాదమ్మ గిన్నె తెచ్చింది. నోట్‌బుక్ దిండు కింద పెట్టేశాను. రొట్టె తిన్నాను.

నవంబరు 22న కన్ను తెరిచారు. కుట్టిన చర్మాన్ని అడ్డంగా కోసి రెండు రెప్పలు చేశారు. మొదట పాలలో ముంచినట్టు ఉంది. తర్వాత డాక్టరమ్మ చెవి పోగు కనిపించింది. ఇంటికి వస్తూ ట్యాక్సీలో ఫోరస్ రోడ్ దుకాణాల బోర్డులన్నీ కుడి కంటితో ఒక్కొక్కటే చదివాను. మరాఠీవి, ఉర్దూలో నాకు రాని అక్షరాలవి, అన్నీ చూశాను. కొత్త రెప్పకు వెంట్రుకలు లేవు, ఇక రావు. సరిగ్గా మూసుకోదు. మందు చుక్కలు రోజుకు ఎనిమిదిసార్లు. అయినా కన్ను మిగిలింది. నాకు అప్పుడు కావాల్సింది అదొక్కటే. మిగిలిన ఆయుష్షు ఎంతైనా సరే, ఆ కన్నుతో వెళ్ళిపోవాలనుకున్నాను.

డెబ్బై రెండు రోజులు చూశాను.

2024 ఫిబ్రవరి 2న తనిఖీకి వెళ్తే డాక్టరమ్మ రెప్ప లోపలి పొర ఎర్రగా ఉందని అక్కడక్కడ చిన్న చిన్న ముక్కలు తీసింది. 9న పిలిచి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. రోగి దగ్గరికి కుర్చీ జరుపుకుని మాట్లాడితే మంచి వార్త కాదని అప్పటికి నాకు తెలుసు. రెప్ప లోపలి పొరలోనూ, తెల్లగుడ్డు మీది పొరలోనూ ఆ జబ్బు కణాలు పాకాయి. ఒక చోట అని లేదు, చల్లినట్టు ఉన్నాయి. కన్నును, రెప్పలను మొత్తం తీసెయ్యాలి.

“తియ్యకుంటే ఎన్ని రోజులు?” అన్నాను.

“అట్లా లెక్క చెప్పలేను ఆజీ. కానీ అది ఆగదు.”

రమేశ్ ఒప్పుకోలేదు. కనిపిస్తున్న కన్నును ఎట్లా తీయిస్తామన్నాడు. ఇంకొక డాక్టరుకు చూపిద్దామన్నాడు. చూపించాం. ఆయనా అదే చెప్పాడు. అప్పుడు ఊరిలో ఎవరో పసరు పోస్తారని మొదలుపెట్టాడు.

“అమ్మా, నెల రోజులు సూద్దాం. నెల రోజులల్ల ఏం మునిగిపోతది? రోజూ పేపర్ చదువుతున్నవ్ కదా ఆ కంటితో!”

నాకూ అదే ఆశ. నిజం చెప్పాలంటే వాడి కంటే నాకే ఎక్కువ. నెల రోజులు అన్న మాట నాకు తియ్యగా వినిపించింది. పొద్దున లేవగానే ఎడమ కన్ను మూసి కుడి కంటితో గోడ క్యాలెండర్ చదివేదాన్ని. అంకెలు స్పష్టంగా కనిపించేవి. ఇంత బాగా కనిపించేదాన్ని కోసి పారెయ్యమంటారేమిటి అనుకునేదాన్ని.

ఫిబ్రవరి 17న దిండు కింది నోట్‌బుక్ తీసి నర్సమ్మ పేజీ రమేశ్‌కు, సునీతకు చదివి వినిపించాను. నర్సమ్మ మూడోసారికీ, పోవడానికీ మధ్య ఎన్ని నెలలో లెక్క చెప్పాను. పదిహేను. ఆమె చెంప ఎలా ఉండేదో రమేశ్‌కు గుర్తుంది. నెల రోజుల మాట వాడు మళ్ళీ ఎత్తలేదు. సునీత లేచి ఆసుపత్రి కాగితాల సంచి తెచ్చింది.

“సంతకం ఎక్కడ పెట్టాలె అత్తమ్మా, చూపియ్యి,” అంది.

నేనే పెట్టాను.

మరునాడు ఆదివారం. యాదమ్మ గిన్నె తెచ్చింది. ఈసారి కూర్చోమన్నాను. నోట్‌బుక్ తీశాను. ఆమె తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం మరచిపోయింది. నేనే చదివాను. తేదీలు, రెప్ప, మూడుసార్లు. నాకు వచ్చింది ఏమిటో, దాని గుర్తులు ఏమిటో చెప్పాను. మీ అమ్మది కూడా అదే అయి ఉండవచ్చని చెప్పాను.

యాదమ్మ గిన్నె ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

“ఆ మూడోసారి వచ్చినప్పుడు దవాఖానకు పో అని చెప్పుంటే బతుకుతుండెనా?”

“తెలియదు యాదమ్మా.”

“తెలువదా? ఈ చాల్ల నీకు తెలువంది గూడ ఉన్నదా బాయి?”

నేను నోట్‌బుక్ మూసేశాను.

“ఊర్ల మా అమ్మ ముఖం మీద ఈగలు వాలకుంట మూడు నెలలు ఇసురుకుంట కూసున్న. ఎవరి పాపమో తగిలిందన్నరు. పోశమ్మకు మేకను గూడ కోసినం. మా అమ్మ ఏమన్నదో ఎర్కనా? బాయి దగ్గరికి ఇంకొక్కసారి తీస్కపో, బాయి చెయ్యి వేస్తే తగ్గుతది అన్నది.”

ఆమె లేచింది. రొట్టె ఉన్న గిన్నె అలాగే తీసుకుని వెళ్ళింది. సునీత పల్లీలు పట్టుకుని వాకిలి దాకా పోయి నిలబడిపోయింది.

ఫిబ్రవరి 21, బుధవారం ఆపరేషన్. అది ఎలా చేశారో నాకు తెలియదు, తెలుసుకోదలచుకోలేదు. మెలకువ వచ్చాక కట్టు బరువు తెలిసింది. కట్టు కింద కన్ను తిరుగుతున్నట్టే అనిపించింది. తిరగడానికి అక్కడ ఏమీ లేదు. వార్డులో ఊడ్చే ఆమె, పేరు అడగడం మరచిపోయాను, నా మంచం ఎడమ వైపుకే వచ్చి మాట్లాడేది. కుడి వైపు నుంచి వస్తే ఉలిక్కిపడతానని ఎవరూ చెప్పకుండానే గమనించింది. నీళ్ళ గ్లాసు కూడా ఎడమ వైపుకే జరిపి పెట్టేది. చదువుకున్నవాళ్ళు కొందరికి ఆ ఆలోచన రాలేదు.

మొదటిసారి కట్టు విప్పి గుంట కడగాల్సి వచ్చినప్పుడు రమేశ్ బయటికి వెళ్ళిపోయాడు. వాడి మీద నాకు కోపం లేదు. సునీత కడిగింది. నర్సు చూపించినట్టు, కాచి చల్లార్చిన నీళ్ళతో, గుడ్డ ముక్కతో. ఇంటికి వచ్చాక కూడా నాలుగు నెలలు రోజూ తనే కడిగింది. ఒకరోజు గుడ్డ పిండుతూ అంది.

“ఈ చెయ్యి నువ్వు ఇచ్చింది కాదు అత్తమ్మా. ఇది నాదే.”

అవునన్నాను.

ఆ తర్వాత చెవి ముందు గ్రంథులు చూశారు. రేడియేషన్ కరెంటు పెట్టారు. ఆ ఆరు వారాలు నోరు ఎండి నాలుక చెక్కలా ఉండేది. 2025 ఆఖరుదాకా చేసిన తనిఖీల్లో ఇంకేమీ కనిపించలేదు. నల్లటి అద్దాలకు లోపల గుడ్డ అతికించుకుని పెట్టుకుంటాను. గ్యాలరీలో పెద్దవాళ్ళు నా ఎడమ భుజంతో మాట్లాడతారు. చిన్నపిల్లలు నయం, తిన్నగా చూసి, చూపించమని అడుగుతారు.

కురుపుకు చెయ్యి వెయ్యమని ఇప్పటికీ వస్తారు. నా ముఖం చూసి కూడా వస్తారు. పక్క చాల్ మనిషి ఒకామె అంది: “నీకు పని చెయ్యకుంటే ఏంది బాయి, మాకు పని చేస్తది గదా.” వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. కురుపుకు వేడి కాపడం పెట్టండి. రెండు మూడు వారాల్లో పోకపోతే కంటి డాక్టరుకు చూపించండి. పోయినది మళ్ళీ అదే చోట వస్తే కొత్తదని అనుకోకండి. రెప్ప వెంట్రుకలు వాటంతట అవి రాలితే వేరు వదిలిందని సంతోషించకండి. గీకిన ముక్కను పరీక్షకు పంపమని అడగండి. డాక్టరు అడిగిన దానికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి, మీ గొప్ప చెప్పకండి. వయసు మళ్ళినవాళ్ళకైతే ఒక్క రోజు కూడా వాయిదా వెయ్యకండి.

గింజ తగిలిన రోజు నుంచి ముక్క తీసిన రోజుదాకా నాలుగు వందల నలభై తొమ్మిది రోజులు. అందులో క్లినిక్‌లో నేను ‘మేమే పీకినం’ అన్న రోజు నుంచి లెక్కపెడితే నూట డెబ్బై తొమ్మిది. ఆ నూట డెబ్బై తొమ్మిదీ పూర్తిగా నావి.

పోయినవి ఇవి.

కుడి కన్ను. దాని పై రెప్ప, కింది రెప్ప.

సూదిలో దారం ఎక్కించడం. గ్లాసులో నీళ్ళు ఒలకకుండా పొయ్యడం. ముప్పై నాలుగు మెట్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగడం.

మా అత్తగారు ఇచ్చిన చెయ్యి. నాతోనే ఆగిపోతుంది.

యాదమ్మ మాట. గ్యాలరీలో ఎదురుపడితే పక్కకు తప్పుకుని దారి ఇస్తుంది. అంతే.

నర్సమ్మ. 2011 నవంబరు 6, 2012 మే 13, 2013 జనవరి 20. కుడి కంటి కింది రెప్ప. మూడు తేదీల పక్కనా నా చేతిరాతలో ‘తగ్గింది’ అని ఉంది.